మట్టిమిద్దె నుంచి స్లాబు దాకా: ఇంటి మరమ్మతు ఎవరి పని?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టడం కష్టమే, కాదనను. కానీ కట్టిన ఇంటిని నలభై యాభై ఏళ్ళు కారకుండా, పగలకుండా, చెదలు పట్టకుండా కాపాడుకోవడం మీద అంత పేరున్న సామెత ఒక్కటీ మనకు లేదు. ఎందుకు లేదంటే నాకు తోచిన జవాబు ఇది. కట్టడం ఒకసారి జరిగేది. ముహూర్తం ఉంటుంది, మేస్త్రీకి తాంబూలం ఉంటుంది, నలుగురికీ భోజనం ఉంటుంది. కాపాడుకోవడం ఏడాది పొడవునా జరిగేది. దానికి ముహూర్తమూ లేదు, తాంబూలమూ లేదు. ఎక్కువ భాగం ఆడవాళ్ళు చేసేది. అంట్లు తోమడానికి సామెత ఎవరు కడతారు చెప్పండి?

ఈ మధ్య మా ఇంటి మిద్దెమీద చిన్న పగులు పూడ్చుకుంటూ ఉంటే పక్కింటావిడ గోడమీది నుంచి చూసి, "ఎందుకక్కా నీకు? మేస్త్రీని పిలవకూడదా, ఇది ఆడవాళ్ళ పనా?" అనింది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇది ఆడవాళ్ళ పని కాకుండా పోయింది ఎప్పటినుంచి? మన తిరుపతి, చిత్తూరు పక్క ఇళ్ళ కథ కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే జవాబు దొరుకుతుంది. ఆ కథే ఇవాళ మీతో చెప్పుకుంటున్నా.

మట్టి ఇళ్ళలో మన చేతులు

ఉమ్మడి చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. పడమటి పక్క మదనపల్లె, పీలేరు, వాయల్పాడు; తూరుపు పక్క తిరుపతి, పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి. పడమట వాన తక్కువ, ఎండ ఎక్కువ. అక్కడ మట్టిమిద్దెలు బాగా ఉండేవి. తూరుపున ఐప్పసి, కార్తీక మాసాల్లో సముద్రం మీది నుంచి వాన గట్టిగా కొడుతుంది. అక్కడ వాలు కప్పులు ఎక్కువ. చెరకు పండే ఊర్లలో చెరకాకుతో కప్పిన కొట్టాలు, కలిగినోళ్ళకు పెంకుటిళ్ళు.

మట్టిమిద్దె ఎట్లా ఉండేదో ఈ కాలం పిల్లలకు తెలియదు. దూలాలు, వాటిమీద అడ్డంగా దంతెలు, దంతెలమీద సన్న కట్టెలు, ఆకులు, ఆపైన మట్టి. అన్నిటికంటే పైన చౌడుమట్టి. చౌడు నేలలో గింజ మొలవదు. రైతుకు అది శాపం. కానీ ఇంటికి అదే గొడుగు. ఆ మట్టిలో సోడియం ఎక్కువ. తడి తగలగానే అందులోని సన్న రేణువులు విడిపోయి, ఉబ్బి, సందుల్ని పూడ్చేస్తాయి. ఇంక నీళ్ళు కిందికి దిగవు, దోనెలోంచి బయటికి పోతాయి. చదువుకోని మనుషులు ఎప్పుడో కనిపెట్టిన వాటర్‌ప్రూఫింగ్ అది.

కానీ ఆ గొడుగు ఒకసారి పట్టుకుంటే చాలదు. ప్రతి వానకీ కొంత చౌడు కొట్టుకుపోతుంది. ఎండకు బీటలు పడుతుంది. గాలికి వచ్చిన గింజలు మొలిచి వేళ్ళు దిగుతాయి. కాబట్టి ఏటా ఎండాకాలంలో మిద్దెమీది గడ్డి పీకాలి, బండిమీద చౌడు తోలించుకోవాలి, గంపలకెత్తి పైకి మోయాలి, పరచాలి, తొక్కాలి. వానలో కారితే అప్పటికప్పుడు నిచ్చెన ఎక్కి కారే చోట పిడికెడు చౌడు వేసి కాలితో నొక్కాలి. మా అవ్వ వాళ్ళ ఊర్లో ఈ పనికి ఆడ, మగ అనే తేడా ఉండేది కాదు. బండి మగవాళ్ళు తోలితే గంపలు ఆడవాళ్ళు మోసేవాళ్ళు.

ఇంక గోడలు, నేల, పొయ్యి పూర్తిగా ఆడవాళ్ళవే. ఎర్రమన్ను, పేడ, వరిపొట్టు కలిపి నానబెట్టి, తొక్కి, చేత్తో గోడకు మెత్తేవాళ్ళు. పేడలోని పీచు, వరిపొట్టు మట్టిని పట్టి ఉంచుతాయి, ఆరేటప్పుడు పెద్ద బీటలు రానివ్వవు. నేల వారానికోసారి అలికేవాళ్ళు. మట్టిపొయ్యి కొనేది కాదు, చేసేది. ఎంత ఎత్తు ఉండాలి, గాలి ఎటునుంచి పోవాలి, గిన్నె కదలకుండా గుబ్బలు ఎక్కడ పెట్టాలి అన్నీ చేతికి తెలిసిన లెక్కలు. ఒక గృహిణి ఏడాదిలో తన ఇంటి ప్రతి అంగుళాన్నీ చేత్తో తడిమేది. ఎక్కడ చెద పుట్టిందో, ఎక్కడ తడి దిగుతోందో, ఎక్కడ ఎలుక బొక్క వేసిందో ఆమెకంటే ముందు ఎవరికీ తెలిసేది కాదు.

తెలుగు చదువుకున్న దాన్ని కదా, మాటల దగ్గర కొంచెం ఆగుతాను. అలకడం, మెత్తడం, పూయడం, కప్పడం. ఇవన్నీ అచ్చ తెలుగు మాటలు. మరి "మరమ్మతు"? అరబ్బీ నుంచి పారశీకం మీదుగా మనకు వచ్చింది. "మేస్త్రీ" పోర్చుగీసు మాట. "గచ్చు" పారశీకం. "రిపేరి", "సిమెంటు" ఇంగ్లీషు. చూడండి, మన చేతులతో చేసుకున్న పనుల పేర్లు మనవి. వేరేవాళ్ళతో చేయించుకున్న పనుల పేర్లు బయటివి. భాష ఎవరినీ అడక్కుండానే చరిత్ర రాసి పెట్టుకుంది.

శాసనాలకు ఎక్కని పని

గుళ్ళను బాగుచేస్తే దానికి "జీర్ణోద్ధరణ" అని గొప్ప పేరు. రాజులు, దొరలు చేయించి రాళ్ళమీద చెక్కించుకున్నారు. మన పక్కనే చంద్రగిరి ఉంది. విజయనగర రాజులు చివరి రోజుల్లో రాజధాని చేసుకున్న ఊరు. అక్కడి రాజమహల్ మూడంతస్తుల మేడ, రాయి, ఇటుక, సున్నంతో కట్టింది. కలప వాడకుండా కమానులతో లేపారని చూపిస్తారు. పిల్లల్ని తీసుకుపోయినప్పుడు అందరం రాజుల గురించే చెప్తాం. ఆ సున్నాన్ని కాల్చినవాళ్ళు, నానబెట్టినవాళ్ళు, దంచినవాళ్ళు, మోసినవాళ్ళు ఎవరని ఎవరూ అడగరు.

సున్నం పనిలో ఆడవాళ్ళ చేయి ఎంతుందో మద్దరాసు మిద్దె అనే కప్పు చెప్తుంది. మద్రాసు దగ్గర కదా మనం, ఆ పద్ధతి ఇక్కడి పట్నాల్లోకి కూడా వచ్చింది. టేకు దూలాలమీద ఇటుకలు నిలువుగా పేర్చి, ఆపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొర వేసి, దాన్ని చెక్క బడితెలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు చల్లుతూ కొట్టాలి. వరసగా కూచుని, పాట పాడుకుంటూ ఆ కొట్టే పని చేసింది ఎక్కువగా ఆడకూలీలే. ఎన్ని దెబ్బలు పడితే అంత గట్టిదనం. అట్లాంటి మిద్దెలు పాత వీధుల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి.

సున్నానికి ఇంకో గుణం ఉంది. కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో విరగేస్తాం కదా, గోడకు పూశాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. సన్నని బీటలు వస్తే, తడిలో కరిగిన సున్నం ఆ బీటల్లో పేరుకుని కొంతవరకు తనంతట తానే పూడ్చుకుంటుంది. పైగా సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది, లోపలి తడిని బయటికి వదులుతుంది. పండక్కి సున్నం కొట్టడం అందం కోసమే అనుకుంటాం. పురుగు, బూజు రాకుండా చేసే మందు కూడా అదే.

పనికి నెలలు కట్టుకోవడంలో కూడా పద్ధతి ఉంది. కప్పు పని ఎండాకాలంలో, వానకు ముందు. గోడల పని పెద్దపండగ ముందు, వానలు వెనక్కి తగ్గాక. పెరటాసి నెల శనివారాలకు తళిగ వేసే ముందు ఇల్లు కడగడం. గంగజాతరకు ముందు ఇంకోసారి. భక్తి అనుకుని చేశాం గానీ, దాని లోపల ఒక మెయింటెనెన్స్ షెడ్యూలు ఉంది.

కొండమీద స్వామికి కూడా ఇదే లెక్క. తిరుమల గుడిలో ఏడాదికి నాలుగుసార్లు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం చేస్తారు. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగింటికి ముందు వచ్చే మంగళవారం. మూలవిరాట్టును వస్త్రంతో కప్పి, గర్భగుడి నుంచి గోడలు, పైకప్పు, పూజ సామాన్లు అన్నీ కడిగి, నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డ కర్పూరం, కిచిలిగడ్డ లాంటివి కలిపిన పరిమళ జలం గోడలకు పూస్తారు. అన్ని లోకాలనూ కాచే స్వామి ఇంటికే ఏటా నాలుగుసార్లు గోడ పని తప్పలేదు. మన ఇంటికి ఇరవై ఏళ్ళకోసారి చాలంటే ఎట్లా?

సిమెంటు వచ్చింది, చేయి పోయింది

మార్పు ఒక్కరోజులో రాలేదు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే ఆ పెంకు దక్షిణ దేశమంతా పాకింది. ఊరి కుమ్మరి చేసిన పెంకు పగిలితే ఇంట్లోవాళ్ళే ఎక్కి మార్చుకునేవాళ్ళు. మంగళూరు పెంకు కూడా అంతే, ఒకటి తీసి ఒకటి దూర్చొచ్చు. అంటే అప్పటికీ మరమ్మతు ఇంట్లోనే ఉంది.

1914లో గుజరాత్ పోరుబందరులో సిమెంటు తయారీ మొదలైంది. కానీ చాలాకాలం అది మామూలు ఇంటికి అందే వస్తువు కాదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ప్రభుత్వమే ధర కట్టి పంచింది. "పర్మిట్ సిమెంటు" అనే మాట మా నాన్న తరానికి బాగా తెలుసు. 1982లో కొంత, 1989లో పూర్తిగా ఆ కంట్రోలు ఎత్తేశారు. అక్కడినుంచి బస్తా ప్రతి ఊరి అంగట్లోకీ వచ్చింది. 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ కాలనీ ఇళ్ళతో పక్కా ఇల్లు బీదవాళ్ళ దాకా కూడా పోయింది. మట్టిమిద్దెలు దించేసి స్లాబు వేసుకున్నారు.

నేను మట్టి ఇంటిని పొగడటం లేదు. వానరాత్రి కారే మిద్దె కింద గిన్నెలు పెట్టుకుంటూ పిల్లల్ని ఒక మూలనుంచి ఇంకో మూలకు జరిపినవాళ్ళను అడగండి. పాముల భయం, తేళ్ళ భయం, నడుము పడిపోయేలా అలుకుడు. స్లాబు పడిన రోజు మా అవ్వ ఏడ్చింది, సంతోషంతో. ఇంక చౌడు మొయ్యక్కర్లేదని.

కానీ స్లాబుతోపాటు ఒక మాట కూడా వచ్చింది: "ఇంక వందేళ్ళు చూసుకోనక్కర్లేదు." అదే అబద్ధం. కాంక్రీటులో ఉన్న ఇనుముకు తడి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపలినుంచి నెట్టి కాంక్రీటును పగలగొడుతుంది. పెచ్చులూడడం అంటాం కదా, అదే. మట్టిమిద్దె కారి ముందుగానే చెప్పేది. స్లాబు పదేళ్ళు మౌనంగా ఉండి ఒకరోజు నెత్తిమీద రాల్తుంది. చూసుకోనక్కర్లేదని నమ్మిన ఇల్లే ముందు పాడవుతుంది.

పని కూడా చేతులు మారింది. కంకర, కమ్మీ, సెంట్రింగు, వైరింగు, ప్లంబింగు, ఒక్కోదానికి ఒక్కో మనిషి. వాళ్ళతో మాట్లాడేది, బేరం చేసేది మగవాళ్ళు. మనకు మిగిలింది టీ పెట్టడం, వాళ్ళు పోయాక సిమెంటు మరకలు కడుక్కోవడం.

పేరు వచ్చింది, పని పోయింది

ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసేది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఇల్లు ఆడవాళ్ళ పేరుకు రావడం మొదలైంది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణతో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. 2005లో దేశం మొత్తానికి అట్లాంటి చట్టం వచ్చింది. 2020 డిసెంబరు 25న మన రాష్ట్రంలో మొదలైన ఇళ్ళ స్థలాల పంపిణీలో పట్టాలు ఆడవాళ్ళ పేరుతోనే ఇచ్చారు.

అంటే లెక్క చూడండి. ఇల్లు మన పేరున లేనప్పుడు దాని ఒళ్ళంతా మన చేతిలో ఉండేది. ఇల్లు మన పేరున వచ్చేసరికి దాని గురించి మనకు ఏమీ తెలియకుండా పోయింది. కాగితంమీద యజమానురాలు, కొళాయి కారితే ఫోను చేసి ఎదురుచూసే మనిషి. యజమాని అనే మాటకు ఇది సగం అర్థమే కదా?

బయటి దేశాల్లో ఈ తెగడం జరగని చోట్లు ఉన్నాయి. ఆఫ్రికాలో మాలి దేశంలో జెన్నే అనే ఊర్లో పెద్ద మట్టి మసీదు ఉంది. ఏటా ఊరంతా కలిసి పండగలా దానికి మట్టి మెత్తుతారు. పక్కనే బుర్కినా ఫాసోలో టియెబెలె అనే చోట రాజుల మట్టి ఇళ్ళను 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది. అక్కడ గోడలు కట్టేది మగవాళ్ళు, పూత పూసి బొమ్మలు వేసేది ఆడవాళ్ళు. ఆ విద్య పెద్దావిడల నుంచి చిన్న పిల్లలకు అందుతుంది. దాన్ని ప్రపంచం వారసత్వం అంటోంది. మా అవ్వ చేసినదాన్ని మనం చాకిరీ అన్నాం.

తెలియకపోతే ప్రాణం మీదికి

ఇది గౌరవం సంగతి ఒక్కటే కాదు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. తిరుపతిలో వీధులు ఏర్లయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊర్లు ఖాళీ చేశాయి. ఆ రోజుల్లోనే శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమిలో దించిన సిమెంటు రింగుల సంపు ఉన్నట్టుండి పైకి లేచి నిలబడింది. ఆ ఇంటావిడ లోపల శుభ్రం చేస్తుండగా లేచిందని పత్రికల్లో వచ్చింది. జనం వింత అని చూడ్డానికి పోయారు. అది వింత కాదు. నేల నిండా నీళ్ళున్నప్పుడు లోపల నీళ్ళు తోడేసిన సంపు ఖాళీ బిందెలాంటిది. బావిలో ఖాళీ బిందెను ముంచి చూడండి, ఎట్లా పైకి తంతుందో. నిండిన బిందె తన్నదు. కాబట్టి వానలు ముసురుకున్నప్పుడు సంపు ఖాళీ చేయకూడదు. ఈ ఒక్క ముక్క ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

అట్లాగే ఇంకొన్ని. మిద్దెమీద నీళ్ళు పోయే తూము దగ్గర ఆకులు, చెత్త బ్రహ్మోత్సవాలకు ముందే తీసేయాలి, ఎందుకంటే మన పెద్దవానలు ఆ తర్వాతే. స్లాబుమీద వెంట్రుకంత బీటలను ఎండాకాలంలోనే చూసి పూడ్చుకోవాలి. గోడమీద ఏటవాలుగా, వేలు దూరేంత పగులు వస్తే మాత్రం అది మన పని కాదు, ఇంజనీరుకు చూపించాలి. పాత సున్నపు గోడకు సిమెంటు పూయకండి. తడి బయటికి పోలేక లోపలే ఉండి గోడను తింటుంది. సున్నపు గోడకు సున్నమే. కొళాయి కారితే చాలాసార్లు లోపలి వాషరు మారిస్తే సరిపోతుంది. ముందు గేట్‌వాల్వు కట్టేసి, తర్వాత విప్పండి. కరెంటు పనిలో మెయిన్ ఆపకుండా స్క్రూ కూడా ముట్టకండి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు కూడా చూపించండి. సెప్టిక్ ట్యాంకులోకి మీరూ దిగకండి, ఇంకొకరినీ దించకండి. అందులో వాయువులు క్షణాల్లో మనిషిని తీసుకుపోతాయి. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని దించడం నేరం కూడా.

అన్నీ మనమే చేయాలని కాదు నేననేది. మేస్త్రీ కావాలి, ఎలక్ట్రీషియన్ కావాలి. కానీ ఇల్లు తెలిసిన మనిషి పిలిస్తే వాళ్ళు చేసే పని వేరు, ఏమీ తెలియని మనిషి పిలిస్తే చేసే పని వేరు. ఒకసారి మా ఇంటికొచ్చిన ఒకాయన స్నానాల గది గోడంతా పగలగొట్టాలన్నాడు. ఎక్కడ తడి ముందు కనబడిందో, ఏ పూట ఎక్కువవుతుందో నేను చెప్పాక ఒక్క జాయింటు విప్పి సరిచేశాడు. అప్పుడు నాకు ఎవరూ నేర్పని చదువు ఒకటి పనికొచ్చింది. చూసుకోవడం. మా అవ్వ నేల అలుకుతూ చేసింది అదే.

పక్కింటావిడ అడిగిన ప్రశ్నకు అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తున్నా. అవును చెల్లెలా, ఇది ఆడవాళ్ళ పనే. మన ఇళ్ళకు కప్పుమీద చౌడు పడినన్నాళ్ళూ, గోడకు మట్టి మెత్తినన్నాళ్ళూ ఆడవాళ్ళ పనే. మధ్యలో ఒక తరం మరిచిపోయింది, అంతే. వచ్చే ఎండాకాలంలో ఒక పూట పిల్లల్ని తీసుకుని మీ మిద్దెమీదికి ఎక్కండి. మెల్లగా చుట్టూ తిరిగి చూడండి. ఎక్కడ నీళ్ళు నిలిచిన మరక ఉందో, ఎక్కడ మొక్క మొలిచిందో వాళ్ళనే కనిపెట్టమనండి. మొక్కను వేరుతో సహా పీకించండి, అబ్బాయి చేతా, అమ్మాయి చేతా.